భర్త పేరుతో వెతుకు

ఆ రోజుల్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. మనుషుల తప్పులు కాదు, సాఫ్ట్‌వేర్ తప్పులు. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాం ముందు కూర్చుని, అది ఎక్కడ తడబడుతుందో కనిపెట్టి రాసిపెట్టాలి. జీతమిచ్చి మరీ వంకలు పెట్టించుకుంటారని చెబితే కడపలో మా నాన్న చాలాసేపు నవ్వి, నీకు తగిన పనే దొరికిందిలే అన్నాడు.

మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో ఐదో అంతస్తులో ఉండేది. పెద్ద కంపెనీ కాదు. ఒక ప్రభుత్వ శాఖకు వెబ్‌సైటు తయారుచేసి, దాన్ని నడిపించే పని మాది. శాఖ పేరు, పథకం పేరు ఇక్కడ అక్కర్లేదు. పేద కుటుంబాలకు కార్డులు ఇస్తారు, కార్డు చూపిస్తే దగ్గరలోని కేంద్రంలో నెలనెలా సరుకులు ఇస్తారు, అంతే. ఆ కార్డులన్నీ మా వెబ్‌సైటులో ఉండేవి. జిల్లా, మండలం, ఊరు నొక్కుకుంటూ పోతే వరసలు వరసలుగా జాబితా తెరుచుకునేది. కార్డుదారు పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, స్వస్థలం జిల్లా, సరుకులు తీసుకునే కేంద్రం. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఎవరైనా చూడొచ్చు.

అలా తెరిచిపెట్టడం వెనక ఒక మంచి ఉద్దేశమే ఉంది. చచ్చిపోయినవాళ్ల పేరు మీద, లేనివాళ్ల పేరు మీద కార్డులు నడుస్తున్నాయని గొడవ. జాబితా బయట పెడితే ఊళ్లోవాళ్లే దొంగకార్డులు పట్టిస్తారని శాఖవాళ్ల ఆలోచన. ఒకసారి పరీక్ష కోసం మమ్మల్ని ఒక మండలాఫీసుకు పంపారు. అక్కడి ఆపరేటర్ వచ్చినవాళ్లందరికీ మానిటర్ ఇటు తిప్పి చూపించేవాడు, తాను అబద్ధం చెప్పడం లేదని నమ్మించడానికి. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. వరసలో వెనక నిలబడ్డవాళ్లు కూడా మెడలు చాచి అదే చూస్తున్నారని గమనించాను గానీ, అందులో తప్పు నాకు కనపడలేదు.

మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఆవిడది పాలమూరు వైపు ఒక ఊరు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. బల్లలు తుడుస్తూ వచ్చి నా దగ్గర మాత్రం కాసేపు ఆగేది, నేను కాగితాలు చిందరవందరగా పెడతానని కోప్పడటానికి. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం ఊపులో మా ఆఫీసులో కూడా బతుకమ్మ ఆడారు. తంగేడు, గునుగు పూలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించారు. పేర్చింది మొత్తం ఆవిడే. కెమెరా బయటికి తీసేసరికి పళ్లెం మా చేతుల్లో పెట్టి ప్యాంట్రీలోకి వెళ్లిపోయింది. పిలిచినా రాలేదు. ఫొటోలో బతుకమ్మ ఉంది, కట్టు తప్పిన చీరలతో మేమున్నాం, ఆవిడ లేదు.

తర్వాత అడిగితే టీ కలుపుతూ చెప్పింది. మొగుడు కొడతాడని పిల్లను తీసుకుని పట్నం వచ్చేసింది. మొదట మియాపూర్‌లో కిరాయికి ఉంది. ఎవరో చుట్టం నోరు జారితే అతను అక్కడికి వచ్చాడు. గల్లీలో అందరి ముందూ కొట్టి, పిల్లను ఎత్తుకుపోయాడు. ఆ పిల్లను మళ్లీ తెచ్చుకోవడానికి ఆవిడ పడని పాట్లు లేవు. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక గది. పిల్ల బడి నుంచి వచ్చి, తల్లి వచ్చేదాకా తలుపు గడియ పెట్టుకుని ఒక్కతే ఉంటుంది.

"ఫొటో దిగితే ఎవరి ఫోన్ల ఎక్కడికి పోతదో మేడం," అంది. "ఆయనకు ఈ జాగ తెల్వకుంట ఉంటే సాలు. మల్లొకసారి పిల్లను తీస్కపోతే నేను తెచ్చుకోలేను."

ఈ మాటలు జరిగిన కొద్ది రోజులకే, నా బల్ల తుడుస్తూ ఆవిడ నా తెర వైపు చూసింది.

"గిది మా కార్డుల లెక్కనే ఉన్నది మేడం."

"అదేమ్మా. నీకూ ఉందా కార్డు?"

"ఉన్నది. కొండాపూర్‌ల తీస్కున్న. నాది గూడ ఉంటదా దీంట్ల?"

మనం చేసే పని ఎవరికైనా పనికొస్తే చూపించుకోవాలనిపిస్తుంది కదా. హుషారుగా ఆవిడ పేరు కొట్టాను. వరస వచ్చింది. ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. తన పేరు. పక్కన అతని పేరు. ఆ పక్కన ఇంటి నంబరు.

"గిది మీ ఒక్కరికే కనిపిస్తదా?"

"లేదు, అందరికీ కనపడుతుంది," అన్నాను, ఇంకా అదే హుషారులో.

"అందరికంటే?"

"ఇంటర్నెట్ ఉంటే చాలు."

ఆవిడ నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. మా కుర్చీల్లో ఆవిడ కూర్చోగా ఎన్నడూ చూడలేదు. "మా ఊర్ల నెట్ సెంటరున్నది మేడం. ఆయన దోస్తుదే," అంది.

అతని పేరు ఎందుకు రాయించావని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది. ఆవిడ రాయించుకోలేదు. కార్డు కోసం పోయినప్పుడు తండ్రి పేరే చెప్పిందట. పెళ్లయ్యాక తండ్రి పేరు ఎలా రాస్తారమ్మా, భర్త పేరు చెప్పు, లేకపోతే కార్డు రాదు అన్నాడట అక్కడివాడు. బొట్టూ మంగళసూత్రం చూసి అలా అని ఉంటాడు. పెళ్లయిన ఆడదాన్ని మొగుడి పేరుతో కాక ఇంకెలా గుర్తుపడతారు అన్నది మా దగ్గర ఎవరూ వేసుకోని ప్రశ్న. ఆ గడి నింపకపోతే మా ప్రోగ్రాం ముందుకు కదలదు. అది కదలకుండా సరిగ్గా ఆగుతోందో లేదో పరీక్షించింది నేనే.

ఆ మధ్యాహ్నమే తప్పు రాశాను. మా భాషలో దాన్ని బగ్ అంటారు. ఇంటి నంబర్లు అందరికీ కనపడుతున్నాయి, తీసేయాలి అని. మా టీమ్ లీడ్ వరంగల్ కుర్రవాడు, పనిమంతుడు. మెడలోని ఆఫీసు ఐడీ కార్డు తాడుకు జై తెలంగాణ బ్యాడ్జి పెట్టుకుని తిరిగేవాడు. అతను నా బగ్ చూసి, 'అడిగినట్టే ఉంది, తప్పు కాదు' అని రాసి మూసేశాడు. మేనేజర్ దగ్గరికి పోయాను. ఆయనది గోదావరి జిల్లా, నిదానమైన మనిషి.

"శాఖవారు ఎలా అడిగారో మనం అలాగే చేశామండి. మనదేముందండి ఇందులో," అన్నాడు.

వారం వారం శాఖ అధికారితో ఫోన్లో మాట్లాడే సమావేశం ఒకటుండేది. అందులో ఈ మాట నేనే ఎత్తాను. ఆవిడ సంగతి చెప్పలేదు. ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లుంటాయి సార్, అడ్రసులు బయట ఉండటం మంచిది కాదు అన్నాను.

"పారదర్శకత అమ్మా," అన్నాడాయన. "అయినా పేదవాళ్ల దగ్గర దాచుకోవడానికి ఏముంటుంది?"

నాకు ఒళ్లు మండింది. మీ ఇంటి నంబరు ఏ వెబ్‌సైటులో ఉంది సార్ అని అడిగాను. మా మేనేజర్ చటుక్కున ఫోన్ మ్యూట్ నొక్కాడు. నా ప్రశ్న ఆ అధికారి దాకా పోయిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ఊరంతా బందులు. బందు ముందురోజు మా కంపెనీవాళ్లు మెయిల్ పంపేవాళ్లు, తెల్లారకముందే బస్సులు బయల్దేరతాయని. ఒక రోజు ఏదో కంపెనీ బస్సు అద్దం పగిలింది. రాయి వేసిందెవరో తెలియదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ సాయంత్రానికి మా లేడీస్ హాస్టల్లో కథ వేరేగా ఉంది. ఎవరిది ఏ ఊరో లెక్కలు తీస్తున్నారంట, రాష్ట్రం వస్తే మనల్ని పంపించేస్తారంట. మా సీమ అమ్మాయిలు ఇంటికి ఫోన్లు చేసి గుసగుసలు. రాష్ట్రం రాకుండా చేస్తున్నారని అవతల గదిలో నల్గొండ అమ్మాయిల మండిపాటు. పొద్దున్నే ఇడ్లీల దగ్గర మాత్రం అందరం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం, చట్నీ నీళ్లగా ఉందని వార్డెన్‌ను కలిసి తిట్టేవాళ్లం.

ఆ వేడిలో మా ఆఫీసులో ఎవరి కన్నో 'స్వస్థలం జిల్లా' గడి మీద పడింది. ఏ వాడలో ఏ జిల్లావాళ్లు ఎందరున్నారో ఒక్క నొక్కుతో తెలిసిపోతుంది. మేనేజర్ ముఖం పాలిపోయింది. ఆయన ఫోన్ చేస్తే, పారదర్శకత గురించి అంత చెప్పిన అధికారి కూడా తీసేయండి తీసేయండి అన్నాడట. ఎవరికేమైనా జరిగితే మా మీదికొస్తదని తెలంగాణవాళ్లూ సరేనన్నారు. నేను చూస్తుండగానే, సాయంత్రం టీ రాకముందే ఆ గడి మాయమైంది. బగ్ లేదు, సమావేశం లేదు, సంతకం లేదు.

ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఇంటి నంబర్ల బగ్ మళ్లీ రాశాను. ఈసారి ఒంటరి ఆడవాళ్ల ఊసెత్తలేదు. ప్రస్తుత పరిస్థితుల్లో ఇంటి నంబర్లు బయట ఉంటే అల్లరిమూకలు ఇళ్ల మీదికి వచ్చే ప్రమాదముంది అని రాశాను.

కాసేపటికి లీడ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి నవ్వలేదు.

"ఏందక్కా ఇది? నంబర్లు పట్టుకొని మేము ఇండ్ల మీదికొస్తమా?"

అతన్ని ప్యాంట్రీ దగ్గరికి పిలుచుకుపోయి అసలు సంగతి చెప్పాను.

"మన పాలమూరామెనా?"

"ఊఁ."

"గట్లని మొదలే చెప్పొచ్చు గద."

"మొదలే రాసినా గదప్పా. అడిగినట్టే ఉందని మూసేసింది నువ్వే."

"అప్పుడు ఆమె కోసమని రాయలేదు నువ్వు."

"రాస్తే ఆఫీసంతా చదువుతారు. ఆమె గోడు కూడా ఇంకో జాబితాలోకి ఎక్కుతుంది."

అతను బ్యాడ్జి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. నిజం రాస్తే సారు తీయడు, భయం రాస్తేనే తీస్తడు, అన్నాడు. తర్వాత, "ఉండనియ్యి. మా మీదనే పెట్టి రాయి. ఆమె ఇల్లు కనిపియ్యకుంట అయితే సాలు," అన్నాడు. ఆ మాట అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. నాకు మనసు చివుక్కుమంది. వెనక్కి తీసుకుందామనిపించింది కూడా. తీసుకోలేదు. మేనేజర్ ఆ రోజే ఒప్పుకున్నాడు, ప్రోగ్రాం మార్చింది కూడా లీడే.

మర్నాడు ఆవిడకు చూపించాను. ఇంటి నంబరు గడి ఖాళీగా ఉంది. ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, తడి లేదు కదా అని చూసినట్టు చూసింది. తర్వాత పక్క గడి మీద వేలు పెట్టింది.

"ఈయన పేరు తీసెయ్యరా?"

అది పథకం నిబంధన, మా చేతిలో లేదని చెప్పాను. ఆవిడ తలూపి గుడ్డ తీసుకుని పక్క బల్ల దగ్గరికి పోయింది. నేను నా పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టాను. పేజీ పైన 'తండ్రి లేక భర్త పేరుతో వెతుకు' అని ఒక మీట ఉంది. అది నొక్కి అతని పేరు కొట్టాను. అది కార్డుదారు పేర్లలో కూడా వెతుకుతుంది కాబట్టి ఊళ్లో అతని కార్డు ముందు వచ్చింది. దాని కిందే ఆవిడది, కొండాపూర్ కేంద్రం నంబరుతో సహా. అతను భార్యను వెతకనక్కర్లేదు, తన పేరు తాను కొట్టుకుంటే చాలు. మూడో బగ్ రాశాను. ఇల్లు కనపడటం లేదు కదండీ ఇంకేమిటండీ అన్నారు. ఆ బగ్ మూయనూ లేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు.

అతను వచ్చిన రోజు నేను టీ కోసం కిందికి దిగుతున్నాను. రిసెప్షన్ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి సెక్యూరిటీవాళ్లతో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. చేతిలో కాగితం. నా మెడలో ఐడీ కార్డు చూసి నా వైపు తిరిగాడు.

"మేడం, మా ఇంటామె ఈ బిల్డింగ్‌లనే పనిచేస్తదట. సరుకుల కేంద్రం కాడ చెప్పిండ్రు. చూడుండ్రి, నా పేరు ఉన్నది. సర్కారు కాయితం."

అది మా పేజీ. పైన శాఖ బొమ్మ కొంచెం పక్కకు జరిగి ఉంది. ఆ తప్పు కూడా నేను రాసిందే, ఎవరూ సరిచేయలేదు. కింద రెండు వరసలు. తన పేరు ఉన్న రెండు చోట్లా పెన్నుతో గీత గీసుకున్నాడు.

"ఇంటి నంబరు మాత్రం తీసేసిండ్రు," అన్నాడు. "లేకుంటే సీదా ఇంటికే పోతుంటి. మిమ్మల్ని పరేషాన్ చేసేటోన్నే కాదు."

ఆ వేళకు బడి వదిలేసి ఉంటారు. పిల్ల గదిలో ఒక్కతే ఉంటుంది.

నాకు తెలియదు, కనుక్కుంటానని చెప్పి పైకి వచ్చి లీడ్‌కు చెప్పాను. అతను ఒక్క మాట కూడా అడగకుండా కిందికి పోయాడు. వెళ్లి ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, "ఏ ఊరన్నా మనది? వాళ్లు కనుక్కునేదాంక జర చాయ్ తాగుదాం రా," అని రోడ్డవతలి టీ బండికి తీసుకుపోయాడట. తెలంగాణ వస్తదా రాదా అని మొదలుపెట్టాడట. నీళ్లు, కొలువులు, పాలమూరు వలసలు, ఢిల్లీ మాటలు, ఒకటి తర్వాత ఒకటి. ఆ మనిషికీ మాట్లాడటం ఇష్టమే. చాయ్ మీద చాయ్ తాగుతూ ఉద్యమం గురించి మాట్లాడుకున్నారు.

ఈలోగా నేను ఆవిడను వెనక మెట్ల మీదుగా పార్కింగులోకి తీసుకొచ్చాను. ఆవిడ ఏడవలేదు. యూనిఫాం కోటు విప్పి మడతపెట్టి నా చేతికిచ్చింది, సూపర్‌వైజర్‌కు ఇవ్వమని. ర్యాంపు మీద ఆటో ఆపాను.

"యాడికి పోతావు?" అని అడిగాను.

"పిల్లను తీస్కొని పోత."

"పోయి యాడ ఉంటావు? ఫోనన్నా చెయ్యి. నేనెవరికీ చెప్పను."

"మీరు చెప్పరు మేడం, నాకెరుకే," అంది ఆటోలో కూర్చుంటూ. "గానీ నేనెవలకన్నా చెప్పినప్పుడల్ల ఆయన వచ్చిండు. మియాపూర్‌ల చుట్టానికి చెప్తే వచ్చిండు. ఈడ సర్కారుకు చెప్తే వచ్చిండు. ఇగ ఎవలకు చెప్ప."

ఆటో పోయింది. నేను పైకి వెళ్లి లీడ్‌కు మిస్డ్ కాల్ ఇచ్చాను. అతను తిరిగొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మంచిగనే మాట్లాడుతడక్కా ఆయన," అన్నాడు. "మాట్లాడుతుంటె మా మామలెక్కనే అనిపించిండు. గదే ఎట్లనో అయింది నాకు."

కొండాపూర్ గది ఖాళీ అయిందని, సామాన్లు చాలావరకు అక్కడే వదిలేసిందని తర్వాత సూపర్‌వైజర్ చెప్పాడు. నా బల్ల తుడవడానికి ఇంకో ఆవిడ వచ్చింది. నా కాగితాల మీద ఆవిడ కోప్పడలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆఫీసులో స్వీట్లు పంచింది మా లీడే. నాకు రెండు పెట్టాడు. ఎవరూ ఎవరినీ పంపించేయలేదు, హాస్టల్లో చట్నీ కూడా మారలేదు. వెబ్‌సైటును మాత్రం రెండు చేయాల్సి వచ్చింది. ఏ కార్డు ఎటు పోవాలో అటే పోయిందో లేదో పరీక్షించే పని నాకు పడింది. దాని కోసం నాకు అన్నీ కనపడే లాగిన్ ఇచ్చారు. బయటివాళ్లకు కనపడని ఇంటి నంబర్లతో సహా.

ఆవిడ ఇంకెక్కడైనా మళ్లీ కార్డు తీసుకుని ఉంటే, ఆ మీట నొక్కి అతని పేరు కొడితే ఎక్కడున్నదీ తెలిసిపోతుంది. పిల్లతో క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవాలని నాకు చాలా ఉండింది. అతని పేరు, ఇంటిపేరుతో సహా, కాగితం మీద గీతలు గీసి ఉన్నట్టే నాకు గుర్తుంది. తండ్రుల పేర్లు కొట్టాను, భర్తల పేర్లు కొట్టాను, రెండు రాష్ట్రాల్లోనూ కొట్టాను. ఆ ఒక్క పేరు కొట్టలేదు.

పని ముగిశాక నివేదికలో ఒక్కో మీటకూ ఎదురుగా ఫలితం రాయాలి. 'తండ్రి లేక భర్త పేరుతో వెతుకు' ఎదురుగా, సరిగ్గా పనిచేస్తోంది అని రాసి సంతకం పెట్టాను.